ఒక సైజు పెద్దది

బజారులో టైల్స్ అమ్మే ఆయన తన కూతురికి తుపాకీ కొనబోతున్నాడని వాళ్ళ పక్కింటావిడ చెప్పిందట. పక్కింటావిడ చెప్పేది పిడికెడు. అది మేస్త్రి పెళ్ళాం చేతిలో పడి ఇల్లు చేరేసరికి దోసెడవుతుంది. గురువారం పొద్దున మేస్త్రి పళ్ళు తోముకుంటూ ఉండగా ఆవిడ ఆ దోసెడూ తెచ్చి గుమ్మంలో కుమ్మరించింది.

"వాళ్ళ తోడల్లుడి కొడుక్కి తుపాకీ క్లబ్బులో కప్పొచ్చిందట. కప్పు పట్టుకున్న ఫోటో హాల్లో తలుపంత సైజులో తగిలించారట. అది చూసొచ్చిన దగ్గర్నుంచి టైల్స్ ఆయనకి అన్నం సయించట్లేదట. రాత్రుళ్ళు లేచి కూచుంటున్నాడట."

"ఎవరు చూశారు రాత్రుళ్ళు?"

"పక్కింటావిడ."

"ఆవిడెందుకు లేచి కూచుందట?"

ఆ ప్రశ్నకి జవాబు దోసెట్లో లేదు. మేస్త్రి పెళ్ళాం దాన్ని వినపడనట్టు వదిలేసి తరవాతి కబురుకి వెళ్ళింది. నిరుడు తోడల్లుడు ఫ్రిజ్ కొంటే ఈయన అంతకంటే పెద్దది కొన్నాడు. అది గుమ్మంలో పట్టలేదు. ఇద్దరు మనుషుల్ని పెట్టి తలుపు చట్రం పీకించి, ఫ్రిజ్‌ని లోపలికి దొర్లించి, మళ్ళీ చట్రం బిగించారు. అప్పట్నుంచీ ఆ తలుపు తీసినా మూసినా పిల్లి తోక తొక్కినట్టు అరుస్తుందట.

"ఎవడో చేతకానివాడు బిగించుంటాడు," అన్నాడు మేస్త్రి పుక్కిలించి ఉమ్మి. "చట్రానికి ఒక వేలెడు చెక్క చీలిక పెడితే చాలు. చెప్పేవాడు లేకపోతే తలుపైనా అరుస్తుంది, మనిషైనా అరుస్తాడు."

చెప్పేవాడంటే తనే అని ఆయన ఉద్దేశం. ఊరంతా ఆ ఒక్క మనిషిని సలహా అడగకుండా బతుకుతోందని, అందుకే ఊళ్ళో తలుపులన్నీ అరుస్తున్నాయని ఆయన నమ్మకం.

మేస్త్రి పనిచేసేది ఆటసామాన్ల షాపు వెనకగదిలో. ముందు భాగం షావుకారుది. అక్కడ అద్దాల బీరువాలు, మెరిసే బంతులు, వరసగా నిలబెట్టిన బ్యాట్లు, పెద్ద నిలువుటద్దం ఉంటాయి. వెనకగదిలో ఒక పనిబల్ల, మోకాలెత్తు రంపంపొట్టు, గోడకి వేలాడే ఎయిర్ రైఫిళ్ళు. స్ప్రింగు జావగారినవి, వాచరు అరిగినవి, చెక్క పగిలినవి అన్నీ అక్కడికే చేరతాయి. బల్ల కింద ఒక చెక్కపెట్టె నిండా పాతగుడ్డలు కుక్కి ఉంటాయి. తుపాకీ బాగుచేశాక ఆ పెట్టెని గోడవార నిలబెట్టి, అందులోకి కాల్చి చూస్తాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ గది గుమ్మంలోంచి ఆయన కొనేవాళ్ళని చూస్తున్నాడు. చూసీ చూసీ మనుషుల మీద ఒక రకమైన జాలిలేని చులకన పట్టుకుంది. తుపాకీ చేతికిస్తే ముందు అద్దం వైపు తిరిగేవాడు ఒక రకం. మూయాల్సిన కన్ను తెరిచి, తెరవాల్సిన కన్ను మూసేవాడు ఇంకో రకం. తూకం చూస్తున్నట్టు రెండుసార్లు పైకీ కిందకీ ఊపి, 'ఊఁ' అని మూలిగి, తనకేదో తెలిసినట్టు మొహం పెట్టేవాడు అన్నిటికంటే పనికిమాలిన రకం. వాణ్ణి చూస్తే మేస్త్రికి నవ్వాగదు. ఆ నవ్వు మాత్రం లోపలే. మేస్త్రి ఉద్యోగంలో చేరిన మొదటిరోజే షావుకారు చెప్పాడు: "అడిగింది అమ్ముదాం మేస్త్రీ. అడగంది చెప్పొద్దు."

ఆ మధ్యాహ్నమే టైల్స్ ఆయన వచ్చాడు. మనిషి ముందు పొట్ట వచ్చింది, పొట్ట తరవాత మనిషి వచ్చాడు, మనిషి వెనక ఒక తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చింది.

మేస్త్రి గుమ్మంలోంచి చూశాడు. ఆ పిల్ల ఒంటిమీద ఉన్నవన్నీ రాబోయే సంవత్సరానివే. గౌను అంచు నాలుగు వేళ్ళు లోపలికి మడిచి కుట్టారు. బూట్లు నడిచినప్పుడల్లా మడమ దగ్గర తెరుచుకుంటున్నాయి, ముందు గుడ్డ కుక్కి ఉంటారు. గడియారం పట్టీకి ఆఖరి చిల్లు కూడా చాలక కొత్త చిల్లు పొడిచారు. బడిసంచి మోకాళ్ళ వెనక కొట్టుకుంటోంది. ఈ సంవత్సరానిది ఏదైనా ఉందా అంటే ఆ పిల్ల ఒక్కతే.

"ఆదివారం క్లబ్బులో సెలక్షన్," అన్నాడు టైల్స్ ఆయన, జేబులోంచి కాగితం తీసి షావుకారు మొహం ముందు ఆడించి మళ్ళీ జేబులో పెట్టేస్తూ. "మా చీమ వెళ్తోంది. మంచి తుపాకీ చూపించండి. మా తోడల్లుడి కొడుకుది ఉందే, దానికంటే ఒక మెట్టు పైది."

ఆ కాగితం మేస్త్రికి తెలుసు. క్లబ్బు తుపాకీలు బాగుచేసేది ఆయనే. ప్రతి ఆదివారం సంచి పట్టుకుని వెళ్తాడు. కాగితం మొదటి పేజీలో తేదీ, టైము, బొమ్మ. వెనక పేజీలో రూల్సు. ఏ పిల్లయినా తన తుపాకీ తనే ఎత్తాలి, తనే గొట్టాన్ని కీలు దగ్గర కిందికి విరవాలి, తనే అందులో ఛర్రా గుండు పెట్టాలి, గీత దాటి ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వెనక పేజీ చదివే మొహమేనా ఇది అని మేస్త్రి మరోసారి తొంగి చూశాడు. కాదు.

షావుకారు బీరువా తాళం తీశాడు. ఒక్కొక్క తుపాకీ బయటికొస్తుంటే టైల్స్ ఆయన ఒక్కొక్కదాన్నీ అద్దం ముందు భుజానికి ఆనించుకుని, గడ్డం ఎత్తి, ఫోటో దిగుతున్నవాడిలా నిలబడుతున్నాడు. తుపాకీ పిల్లకి. కొలత తండ్రికి. కొడుక్కి సంబంధం చూడమంటే తండ్రి పెళ్ళికొడుకు వేషం వేసినట్టుందని మేస్త్రి తనలో తను అనుకుని, చేతిలో ఉన్న పనికి తిరిగాడు. క్లబ్బు రైఫిల్ ఒకటి బల్లమీద పడుకోబెట్టి, చెక్కనీ ఇనుమునీ పట్టి ఉంచే మరలు మూడూ విప్పి, పెదాల మధ్య పెట్టుకున్నాడు.

కాసేపటికి గుమ్మంలో నీడ పడింది.

"తాతా, నోట్లో ఏంటి?"

మేస్త్రి వేలితో చెక్కకి ఉన్న కన్నాలు చూపించాడు.

"మేకులా?"

తల అడ్డంగా ఊపాడు.

"నోరు నొప్పిగా ఉందా?"

ఇక లాభం లేదని మేస్త్రి పాత పాలిష్ డబ్బా దగ్గరికి లాక్కుని మరల్ని ఒక్కొక్కటీ అందులోకి ఉమ్మాడు. టింగ్. టింగ్. టింగ్.

"మరలు. కింద పెడితే పొట్టులో కలిసిపోతాయి. వెతికేసరికి తెల్లారుతుంది. అందుకని నోట్లో."

"మాట్లాడితే?"

"మింగేస్తాం. అందుకే నోట్లో మరలుంటే మేస్త్రి మాట్లాడడు. దేవుడొచ్చి అడిగినా మాట్లాడడు."

"తుమ్మొస్తే?"

ముప్ఫై ఏళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేస్త్రి ఆలోచించాడు. "ఒకసారి వచ్చింది. మర వెళ్ళి షావుకారు వీపుకి తగిలింది. ఏదో కుట్టిందనుకున్నాడు."

పిల్ల నవ్వింది. ముందు పళ్ళు రెండు కొత్తగా వచ్చినవి, అవి కూడా మొహానికి ఒక సైజు పెద్దవే.

గదిలోకి వచ్చాక చేతులు వెనక్కి కట్టుకుని గోడకున్న తుపాకీలన్నీ చూసింది. ఏదీ ముట్టుకోలేదు. అది మేస్త్రికి నచ్చింది. చివరన మేకుకి వేలాడుతున్న పొట్టిదాని దగ్గర ఆగింది. ఎవరో ఎప్పుడో పిల్లాడికని చెక్క కోయించి మళ్ళీ తీసుకెళ్ళని తుపాకీ అది. మేస్త్రి దాని చెక్కని అరచేత్తో తడిమి తడిమి చెక్కాడు. స్ప్రింగు కూడా మెత్తటిది వేశాడు. షావుకారు దాన్ని 'దరిద్రం' అంటాడు, ఎవరూ కొనడం లేదని.

"చెయ్యి ఇట్టా మడువు," అన్నాడు మేస్త్రి.

పిల్ల మోచెయ్యి మడిచింది. ఆ మడతలో పొట్టిదాని బట్టు, అంటే వెనక చెక్క కొస, ఆనించాడు. చూపుడువేలు మొదటి కణుపు సరిగ్గా ట్రిగ్గరు మీదికి వచ్చింది. కొలిచి కుట్టిన రవికెలా అతికిపోయింది. మేస్త్రికి టేపంటే చిన్నచూపు. టేపు చేతకానివాడికి. ఆయన కొలతలన్నీ పనిబల్ల అంచుమీద పెన్సిలు గీతలు. పిల్ల చేతిని బల్లమీద పరిచి, మోచేతి నుంచి వేలిదాకా చూసుకుని, ఒక గీత గీశాడు.

"ఇది నాదా?"

"ఇది నీ గీత."

గుడ్డల పెట్టె గోడవార నిలబెట్టి కాగితం గుచ్చి, ఐదు ఛర్రాలు చేతిలో పోశాడు. గొట్టం ఎలా విరవాలో ఒకసారి చూపించాడు. పిల్ల బట్టుని తొడకి తన్నిపెట్టి, గొట్టం కొస పట్టుకుని లాగింది. సగం దాకా వచ్చి ఆగింది. పళ్ళు బిగించి ఇంకోసారి లాగింది. టక్కుమంది. ఎవరి సాయం లేకుండా ఛర్రా పెట్టుకుంది. చెంప చెక్కకి ఆనించింది. మెడ సాగలేదు, నడుం వెనక్కి వాలలేదు. ఇరవయ్యేళ్ళ వాళ్ళు కూడా మొదటిసారి కొంగలా మెడ సాచుతారు.

మొదటి ఛర్రా కాగితం అంచుకి తగిలింది. మిగిలిన నాలుగూ ఒకే చోట పడ్డాయి. మేస్త్రి కాగితం వెలుతురుకి పట్టి చూశాడు. చొక్కా గుండీకి ఉండే నాలుగు చిల్లుల్లా ఉన్నాయి.

"ఊపిరి ఆపావా?"

"నేను ఆపలేదు. అదే ఆగింది."

మేస్త్రి ఆ కాగితం మడిచి బల్ల సొరుగులో పెట్టాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ సొరుగులోకి వెళ్ళిన కాగితాలు మూడో నాలుగో.

"చీమా! ఎక్కడున్నావే?" ముందు గదిలోంచి గావుకేక.

పిల్ల పొట్టిదాన్ని రెండు చేతులా పట్టుకుని పరిగెత్తింది. వెనకాలే మేస్త్రి వెళ్ళాడు. టైల్స్ ఆయన చేతిలో షాపులోకెల్లా పొడుగు తుపాకీ ఉంది. నల్లటి చెక్క, చెక్కమీద చెక్కిన ఆకుల డిజైను, నిలబెడితే పిల్ల గడ్డానికి వస్తుంది. దాని స్ప్రింగు మేస్త్రికి తెలుసు. గొట్టం విరవాలంటే ఆయనకే భుజం పట్టేస్తుంది.

"నాన్నా, ఇది. ఇదైతే నేను..."

"ఇదేంటి, ఈగల్ని తోలడానికా?" టైల్స్ ఆయన పొట్టిదాన్ని రెండు వేళ్ళతో పట్టి పైకెత్తి షావుకారుకి చూపించాడు. షావుకారు నవ్వాడు. కొనేవాడు నవ్వితే నవ్వడం షావుకారు ఉద్యోగం. "ఎదిగే పిల్లవే నువ్వు. చెప్పులైనా ఒక సైజు పెద్దవి కొంటామా లేదా? వచ్చే ఏడాదికి ఇది అగ్గిపుల్లలా ఉంటుంది నీ చేతిలో."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అది కాదండీ, పిల్ల చేతికి..."

"ఈయనెవరు?"

"మా మేస్త్రి. చెక్కపని చూస్తాడు," అన్నాడు షావుకారు.

"ఓ, చెక్కపనా!" టైల్స్ ఆయన మేస్త్రిని తలనుంచి పొట్టు అంటిన కాళ్ళదాకా చూశాడు. "మంచి టైములో కనిపించావయ్యా. మా ఇంట్లో తలుపొకటి పిల్లిలా అరుస్తోంది. ఖాళీ ఉన్నప్పుడు వచ్చి చూడు. తుపాకీ సంగతి మేం చూసుకుంటాం."

మేస్త్రి చెవులు వేడెక్కాయి. ఎవడో చేతకానివాడు బిగించిన తలుపు తను వెళ్ళి చూడాలి! వీడు బజారులో రాళ్ళమ్ముకునేవాడు. నేలకి ఏ రాయి పరచాలో కూడా వీడికి వీడి గుమాస్తా చెప్పాలి. అలాంటివాడు తనకి తుపాకీ సంగతి చెప్తాడా? తాతకి దగ్గులు నేర్పుతాడా? సరే, కొను నాయనా. ఇంకా పొడుగుది ఉంటే అదీ కొను. పడ్డాక తెలుస్తుంది గొయ్యి లోతెంతో.

"ఏం మేస్త్రీ," అన్నాడు షావుకారు, బేరం గట్టి చెయ్యడానికి, "ఈ పెద్దది జీవితకాలం సరుకేగా?"

పిల్ల తలెత్తి మేస్త్రి మొహంలోకి చూసింది. సరిగ్గా ఆయన నోటి వంక చూసింది. ఆయన ఏదో చెప్తాడని ఆగింది.

మేస్త్రి తల ఊపాడు. నిలువుగానో అడ్డంగానో తెలియకుండా, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకునేలా ఊపాడు. షావుకారు నిలువు తీసుకున్నాడు.

పొట్టిదాన్ని పట్టుకుని మేస్త్రి వెనకగదిలోకి వచ్చి మేకుకి తగిలించాడు. ముందు గదిలో కాగితం చుడుతున్న చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, పెద్ద బూట్లు చప్ చప్ మంటూ మెట్లు దిగిన చప్పుడు. అప్పుడు డబ్బాలోంచి మరలు తీసి పెదాల మధ్య పెట్టుకుని, ఆగిన చోటునుంచి పని మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఆ కథంతా పెళ్ళానికి వేషం కట్టి చూపించాడు. పొట్ట ముందుకి తోసి, చీపురు భుజానికి ఆనించుకుని, అద్దం ముందు నిలబడ్డ టైల్స్ ఆయనలా గడ్డమెత్తాడు. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. "ఈగల్ని తోలడానికా అన్నాడా! ఈగలు వాడి మొహం మీదే వాలాలి," అంది. మేస్త్రికి ఆ రోజు అన్నం మహా రుచిగా ఉంది. తలుపు సంగతి, తల ఊపిన సంగతి మాత్రం కథలో రాలేదు.

శుక్రవారం సాయంత్రం పక్కింటావిడ చెప్పిన కబురు వచ్చింది. ఆవిడ వరండాకి ఎదురుగానే టైల్స్ ఆయన మేడ.

"తండ్రి గొట్టం విరిచి ఇస్తాడట, పిల్ల పిట్టగోడ మీద ఆనించి కాలుస్తుందట. మళ్ళీ తండ్రి విరవడం, మళ్ళీ ఇవ్వడం. ఇరవైసార్లయ్యేసరికి ఆయన చొక్కా విప్పి పిండుకున్నాడట. తుపాకీ పిల్లకా తండ్రికా అని మేడలన్నీ నవ్వుతున్నాయట."

"నేను చెప్పలే!" అన్నాడు మేస్త్రి తొడ చరుచుకుని. "ఇంకా చూడు ఏమేం జరుగుతాయో."

శనివారం కబురులో నవ్వు తక్కువగా ఉంది. తండ్రి షాపుకి వెళ్ళాక పిల్ల ఒక్కతే తుపాకీ మేడమీదికి ఈడ్చుకొచ్చిందట. ఎవరూ చూడకుండా గొట్టం విరవడం నేర్చుకుంటోందట. బట్టు మెట్టుకి తన్నిపెట్టి, గొట్టం కొసకి వేలాడిందట. రెండుసార్లు జారిపడిందట. అరచేతులు బొబ్బలెక్కాయట. వాళ్ళమ్మ వచ్చి మందు రాసి కిందికి తీసుకుపోతే, గంట తరవాత మళ్ళీ మెట్టు దగ్గరే ఉందట.

"వాళ్ళమ్మతో అందట, 'నాకు కాల్చడం వచ్చమ్మా, విరవడమే రావట్లేదు' అని. కాల్చడం వచ్చని దానికెవరు చెప్పారో పాపం," అంది మేస్త్రి పెళ్ళాం, కంది గింజల్లోంచి రాళ్ళేరుతూ.

మేస్త్రి నీళ్ళు తాగి గ్లాసు బోర్లించాడు. "కొన్నవాడికి ఉండాలి బుద్ధి," అన్నాడు.

ఆ మధ్యాహ్నం బల్లమీద పని చేస్తుంటే చెయ్యి మాటిమాటికీ ఆ పెన్సిలు గీత మీదికే పోతోంది. బరకకాగితం తీసి రెండుసార్లు రుద్దాడు. పాత గీతలు పోయాయి. అది పోలేదు, కొత్తది కదా, గట్టిగా గీశాడు. గోడకున్న పొట్టిదాన్ని కిందికి దించి, దుమ్ము తుడిచి, నూనె రాసి, మళ్ళీ అదే మేకుకి తగిలించాడు. షావుకారుకి చెప్పి ఆదివారం క్లబ్బుకి తీసుకెళ్తే? ఎందుకు తీసుకెళ్ళాలి? అడిగాడా వాడు? తలుపు బాగుచెయ్యమన్నాడు, అంతే. సాయంత్రం షావుకారు షట్టరు దించి తాళం జేబులో వేసుకున్నాడు. సోమవారం దాకా అది తియ్యరు.

ఆదివారం పొద్దున్నే క్లబ్బు షెడ్డు కింద మేస్త్రి సంచి విప్పుకుని కూర్చున్నాడు. అంతకు ముందు వారం స్ప్రింగు విరిగిన రైఫిల్ ఒడిలో పెట్టుకుని, మరలు మూడూ పెదాల మధ్య బిగించుకుని, పని చేస్తూనే గేటు వైపు చూస్తున్నాడు. చూడకపోతే తోచదు. మూడు రోజులుగా ఎదురుచూస్తున్న ఆట ఇది.

పదిహేనుమంది పిల్లలొచ్చారు. టైల్స్ ఆయన అందరికంటే చివర, అందరూ చూస్తారని, వచ్చాడు. తుపాకీ సంచి ఆయన భుజాన ఉంది. పక్కన చీమ, రెండు అరచేతులకీ గుడ్డముక్కలు కట్టుకుని. తోడల్లుడు కూడా వచ్చాడు, కొడుకుని వెంటబెట్టుకుని, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో. తోడల్లుళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుకున్నారు. ఆ నవ్వులో పాలు పోస్తే విరిగిపోతాయి.

కోచ్‌మేడం పొట్టి మనిషి, మెడలో ఈల. సున్నంతో గీసిన గీత చూపించి, "పిల్లలు అవతల, పెద్దలు ఇవతల. పది ఛర్రాలు. ఎవరి తుపాకీ వాళ్ళే," అంది.

చీమ పేరు పిలిచే ముందే టైల్స్ ఆయన గొట్టం విరిచి సిద్ధంగా పట్టుకున్నాడు.

"మూసెయ్యండి," అంది కోచ్‌మేడం. "పాప విరుచుకుంటుంది."

"ఈ ఒక్కసారికే మేడం. కొత్తది, బిగువుగా ఉంది."

"రూలు చదివారా?"

"ఎందుకు చదవలేదు!" టైల్స్ ఆయన జేబు తడుముకున్నాడు. మేస్త్రికి మరలు మింగేంత నవ్వొచ్చింది.

చీమ ఆ నల్లటి తుపాకీని రెండు చేతులా ఎత్తుకుని గీత దాటింది. చీమ బెల్లపుగడ్డ మోసినట్టే మోసింది, వంకరగా నడిచినా కింద పెట్టకుండా. బట్టు తొడకి ఆనించింది. ఆనలేదు, మోకాలి దగ్గరికి వచ్చింది. గొట్టం కొస అందుకుని లాగింది. కదల్లేదు. బట్టు నేలకి తన్నిపెట్టి, కొసకి ఒళ్ళంతా వేలాడదీసింది. గొట్టం నాలుగు వేళ్ళు వంగింది, చేతులకి కట్టిన గుడ్డ జారింది, గొట్టం టప్పున వెనక్కి వెళ్ళిపోయింది. వెనక నిలబడ్డ పిల్లలెవరో కిసుక్కుమన్నారు. చీమ గుడ్డ విప్పి జేబులో పెట్టుకుంది. ఒట్టిచేతులతో మళ్ళీ పట్టుకుంది. బట్టు మళ్ళీ నేలకి తన్నిపెట్టి, కళ్ళు మూసుకుని, రెండు కాళ్ళూ నేలనుంచి లేచేలా వేలాడింది. గొట్టం సగం దాకా వచ్చింది.

ఈల మోగింది.

కోచ్‌మేడం నాలుగంగల్లో వెళ్ళి గొట్టం పట్టుకుని మెల్లిగా మూసింది. "చాలు తల్లీ. అది జారి కొడితే వేళ్ళుండవు."

"ఇంకొక్కసారి మేడం. వస్తోంది."

"రావట్లేదు. వచ్చే ఏడు రా."

"నాకు కాల్చడం వచ్చు మేడం."

"కాల్చనే లేదుగా అమ్మా," అంది కోచ్‌మేడం. జాలిగానే అంది. కాగితంలో గీత కొట్టి తరవాతి పేరు పిలిచింది. చీమ పెట్టాల్సిన పది ఛర్రాలూ చిన్న గిన్నెలో అలాగే ఉన్నాయి.

తోడల్లుడు దగ్గాడు. ఆ దగ్గు టైల్స్ ఆయన వీపున చరిచినట్టయింది. కూతురి చేతిలోంచి తుపాకీ లాక్కుని, షెడ్డు కిందికి ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా మేస్త్రీ! ఏం సరుకు అంటగట్టారయ్యా మీ షాపులో? స్ప్రింగు బిగుసుకుపోయింది. పిల్ల బతుకు నాశనం చేశారు కదయ్యా! చూడు, నువ్వే చూడు."

ఈ ఘడియ కోసమే మేస్త్రి మూడు రోజులుగా మాట నానబెట్టుకుని ఉన్నాడు. తొందరపడలేదు. మరలు మూడూ అరచేతిలోకి ఉమ్ముకుని జేబులో వేసుకున్నాడు. పంచెకి చెయ్యి తుడుచుకున్నాడు. తుపాకీ అందుకుని, అందరూ చూసేలా, గొట్టం ఒక్క ఊపులో విరిచాడు. మూశాడు. మళ్ళీ విరిచాడు. మూశాడు. భుజం కలుక్కుమంది కానీ మొహంలో తెలియనివ్వలేదు.

"తుపాకీకేం రోగం? బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు. గొంతు అటు తోడల్లుడికి, ఇటు గీత దగ్గరున్న కోచ్‌మేడానికి వినపడేంత పెంచాడు. "ఇది పిల్ల తుపాకీ కాదండీ, మీ తుపాకీ. అద్దంలో మీకు బాగుందని కొన్నారు. పిల్లది మా వెనకగదిలో ఉంది, మీరు ఈగల్ని తోలడానికా అన్నారే, ఆ పొట్టిది. దాని గొట్టం మీ అమ్మాయి తనే విరిచింది. తనే ఛర్రా పెట్టింది. ఐదు కాలిస్తే నాలుగు ఒకే చోట పెట్టింది, చొక్కా గుండీ అంత చోట. ఆ కాగితం నా సొరుగులో ఉంది. ఇది ఆదివారం ఇట్టా అవుతుందని నాకు గురువారమే తెలుసు."

తోడల్లుడు ఈసారి దగ్గలేదు, బాహాటంగానే నవ్వాడు. టైల్స్ ఆయన పొట్ట లోపలికి పోయింది. మనిషి ఒక్కసారిగా తన చొక్కాకంటే ఒక సైజు చిన్నగా కనిపించాడు. మేస్త్రి చేతిలోంచి తుపాకీ లాక్కుని కూతురి ముందు పడేశాడు. మేస్త్రి ఒళ్ళు తేలికైంది. ఈ ఒక్క రోజు కోసం ముప్ఫై ఏళ్ళు పొట్టులో కూర్చున్నా ఫరవాలేదనిపించింది.

కోచ్‌మేడం పిల్లల్ని ఆపి షెడ్డు దగ్గరికి వచ్చింది. ఈల చేతిలో పట్టుకుని ఉంది.

"నాలుగు ఒకే చోట పెట్టిందా?"

"గుండీ అంత చోట మేడం."

"రూలు మీకు తెలుసు కదా మేస్త్రీ. అది రాసినప్పుడు మీరిక్కడే ఉన్నారు." ఆవిడ గొంతులో కోపం లేదు, అర్థం కాక అడుగుతోంది. "మరి వాళ్ళకి చెప్పలేదా?"

మేస్త్రి నవ్వాడు. జేబులోంచి మరలు తీసి అరచేతిలో గలగలలాడించి చూపించాడు.

"నేనెక్కడ చెప్తాను మేడం? పనిలో ఉన్నా. నోట్లో మరలు. నోట్లో మరలుంటే దేవుడొచ్చి అడిగినా..."

"లేవు తాతా."

చీమ నేలమీద కూర్చుని నల్లతుపాకీని సంచిలోకి తోస్తోంది. అది పూర్తిగా పట్టేదాకా తోసి, జిప్పు లాగింది. బొబ్బలు చితికిన అరచెయ్యి గౌనుకి తుడుచుకుని, తలెత్తి మేస్త్రి మొహంలోకి చూసింది. సరిగ్గా ఆయన నోటి వంక.

"మూడూ డబ్బాలో వేశారు. మేము వెళ్ళిపోయేదాకా డబ్బాలోనే ఉన్నాయి."